వేడెక్కని మంగలం

నిప్పు లేకుండా గింజలు వేయించే యంత్రాన్ని మొదటిసారి తయారుచేసిన మనిషిని నేనే. గొప్ప కోసం చెప్పడం లేదు. నాకంటే ముందు పుట్టినవాళ్ళలో ఎవరికీ అంత తెలివితక్కువ అవసరం రాలేదు, అంతే.

నా పేరు కనకాచారి. అడవి మొదలయ్యే చోట, మోదుగులపాడు రోడ్డు పక్కన నాకో రేకుల షెడ్డు, దాంట్లో ఒక వెల్డింగ్ మిషను ఉన్నాయి. గేట్లు, కిటికీ గ్రిల్లులు, విరిగిన నాగళ్ళు, ట్రాక్టరు తొట్లు నా పని. ఏడో తరగతి దాకా చదివాను. దాకా అంటే గుమ్మం దాకా. ఆ తర్వాత మా నాన్న కొలిమి దగ్గర కూర్చోబెట్టాడు. అప్పట్నుంచీ చదువుకున్నవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మంట. వాళ్ళలో ఒక్కరు నన్ను "గారూ" అని పిలిస్తే మాత్రం ఆ మంట ఎటు పోతుందో నాకే తెలియదు. ఈ కథంతా జరగడానికి ఆ జబ్బే కారణం.

మా ఊరికి పైన, గుట్ట పక్క గూడెంలో పూనెం సమ్మక్క, ఆమె సంఘం ఆడవాళ్ళు ఇప్పనూనె తీస్తారు. వానలు మొదలయ్యే రోజుల్లో ఇప్పకాయలు రాలతాయి. వాటిని ఏరి, పెంకు కొట్టి, లోపలి పలుకులు ఎండబెట్టి, మంగలంలో వేయించి, దంచి, గానుగలో నొక్కితే నూనె దిగుతుంది. చలికాలంలో వెన్నలాగా గడ్డకడుతుంది. ఒంటికి రాసుకుంటారు, దీపంలో పోస్తారు, కూరలో వేస్తారు, మిగిలింది సంతకు పట్టుకుపోతారు. వాళ్ళ మంగలం అంటే గింజలు వేయించే పెద్ద ఇనప గిన్నె. ఇద్దరు చెరో పక్క పట్టుకుంటేగాని లేవదు. ఏనాడో అది అడుగున పగిలితే నేనే అతికాను. అప్పటికి వెల్డింగులో నా చెయ్యి కుదరలేదు. ఆ అతుకు తాగినవాడు నడిచినట్టు వంకర్లు పోయింది. నా పనితనం చూడాలని ఎవరైనా ముచ్చట పడితే, ఆ గూడెం వైపు మాత్రం పోనిచ్చేవాణ్ణి కాదు.

పలుకులు అట్లా ఏళ్ళ తరబడి వాటి మానాన అవి వేగుతుండగా, వెన్ననూనెల పరికరాల అభివృద్ధి కేంద్రం మా మీద దయ తలచింది.

ఆ కేంద్రానికి డిప్యూటీ డైరెక్టరు నళినీకాంత్ గారు. ఆయన ప్రభుత్వం తరఫున ఆఫ్రికా వెళ్ళి వచ్చారు. అక్కడ షియా అని ఒక చెట్టు ఉందట, మన ఇప్పకు చుట్టమట. దాని గింజల్ని కూడా ఆడవాళ్ళే వేయించి వెన్న తీస్తారట, ఆ వెన్నను పెద్ద పెద్ద పట్నాల్లో మొహానికి రాసుకుంటారట. మంటల ముందు నిలబడి గింజలు తిప్పుతున్న ఆ తల్లుల్ని చూసి ఆయన కళ్ళు చెమర్చాయట. పొగకేమోనని నా అనుమానం. ఏదైతేనేం, తిరిగి వచ్చేసరికి ఆయనకు షియా పూనింది. ఆయన ఆఫీసు కాగితాల్లో మా ఇప్పచెట్టు "దేశవాళీ షియా" అయింది. మంగలం "సంప్రదాయిక వేపుడు ఉపకరణం" అయింది. సమ్మక్క "లబ్ధిదారు" అయింది. నేను "గ్రామీణ ఆవిష్కర్త" అయ్యాను.

"కనకాచారి గారూ!" అన్నారాయన జీపు దిగుతూనే. నా పని అయిపోయింది.

"మీవంటి వారిలో నిద్రాణమై ఉన్న సృజనాత్మకతను మేల్కొల్పడమే మా కేంద్రం ధ్యేయం. చిన్న స్థాయి షియా ఉత్పత్తికి సముచితమైన వేపుడు యంత్రాన్ని మీరు రూపకల్పన చేయాలి."

నాలో నిద్రపోతున్నది ఏదైనా ఉంటే అది నేనేనని నా భార్య సరోజన రోజూ చెబుతూనే ఉంది. ఆ మాట ఆయనకు చెప్పలేదు.

"చేస్తానండి. ఒక విడతకు ఎంత గింజ పట్టాలి సార్?"

"పరిమాణాల్లోకి తర్వాత వెళదాం. ముందు భావన ముఖ్యం."

భావన వెంటనే గూడేనికి బయల్దేరింది. కొత్త యంత్రం మంజూరు కావాలంటే పాత ఉపకరణాన్ని స్వాధీనం చేయాలట. ఇద్దరు మనుషులు మంగలాన్ని మోసి జీపులోకి ఎక్కిస్తుంటే సమ్మక్క అడ్డం వచ్చింది.

"కొత్తది ఇంకా రాలే గద సారూ. గిప్పుడే పాతది తీస్కపోతే ఎట్ల?"

"అందుకేనమ్మా ముందుగా తీసుకుంటున్నాం," అన్నారు నళినీకాంత్ గారు ఎంతో ఓపికగా. "కొత్తది వచ్చాక తీసుకుంటే మీరు రెండూ పోల్చి చూసుకుంటారు."

సమ్మక్క నా వైపు తిరిగింది. "అన్నా, నువ్వేనట గద చేసేది? పలుకులు ఎండుతున్నయి. ముసురు పట్టకముందే ఏగాలె. లేకుంటే బూజు పట్టి ఈ ఏడు నూనె సుక్క ఉండది. సంఘం అందరి కష్టం గందులనే ఉంది."

"నా పూచీ సమ్మక్కా," అన్నాను.

అప్పుడు ఫోటోలు తీస్తున్నారు. ఫోటో తీసేటప్పుడు నేను దేనికైనా పూచీ పడతాను.

మొదటి యంత్రం సులువుగానే వచ్చింది. పాత డీజిలు పీపాను కాల్చి, కడిగి, స్టాండు మీద అడ్డంగా పడుకోబెట్టాను. ఒక పక్క తిప్పడానికి పిడి, లోపల గింజల్ని కలబెట్టడానికి రెక్కలు, కింద కట్టెల మంట. సమ్మక్క ఒక గంప పలుకులు తెచ్చి పోసింది. తిప్పుతూ తిప్పుతూ మధ్యలో ముక్కు పైకెత్తి, "సాలు, ఏగినయి," అంది. ఆ మాట విని నేను చొక్కా గుండీ సరిచేసుకున్నాను, ఫోటో తీసేవాళ్ళు ఎటున్నారో చూశాను.

ఫోటో వాళ్ళకు బదులు హిమజ మేడం ముందుకు వచ్చింది. ఆమె కేంద్రంలో భద్రతాధికారి. చేతిలో తుపాకీ లాంటి వస్తువొకటి ఉంది. దాన్ని పీపాకు గురిపెట్టి మీట నొక్కితే వేడెంతో చూపిస్తుంది. ఆమె గురిపెట్టింది. అంకె చూసి రెండడుగులు వెనక్కి వేసింది.

"కనకాచారి గారూ, మీ యంత్రం వేడెక్కుతోంది."

"అవునమ్మా. వేయించేదమ్మా."

"కారణాలు తర్వాత. వేడెక్కుతున్నదన్న వాస్తవాన్ని మీరు అంగీకరిస్తున్నారా?"

అంగీకరించాను. పోలీసు స్టేషన్లో కూడా నేనెప్పుడూ అంత త్వరగా ఒప్పుకోలేదు.

ఆమె నిబంధన చదివి వినిపించింది. "మహిళా లబ్ధిదారులకు అందజేయు ఏ యంత్రమందైనను, లోపలిదైనను వెలుపలిదైనను, ఏ భాగమూ మానవ శరీరపు వేడిని మించి వేడెక్కరాదు."

ఈ నిబంధన పుట్టింది కుట్టుమిషన్ల కోసమని తర్వాత తెలిసింది. ఎక్కడో ఒక మిషను మోటారు కాలి ఎవరికో వేలు చురుక్కుమందట. కుట్టుమిషన్లకు ఒక న్యాయం, వేపుడు యంత్రానికి ఒక న్యాయం ఉంటే సమానత్వం దెబ్బతింటుందని దాన్ని అన్నిటికీ వర్తింపజేశారు.

"వెలుపల సంగతి సరేనమ్మా," అన్నాను. "లోపల కూడా చల్లగా ఉంటే గింజ ఎట్లా వేగుతుంది?"

"అది రూపకల్పనకు సంబంధించిన ప్రశ్న. రూపకర్త మీరు."

"లోపలికి ఎవరూ చెయ్యి పెట్టరు కదమ్మా."

"పెట్టరని మీరు రాసిస్తారా?"

నళినీకాంత్ గారు నా భుజం మీద చెయ్యి వేశారు. "సవాలు అనేది ఆవిష్కర్తకు ఆహారం, కనకాచారి గారూ. మీలాంటి మేధ ఇక్కడ ఆగిపోకూడదు."

మేధ! మా ఇంట్లో ఆ మాటకు వారసులెవరూ లేరు. ఆ ఊపులో ఆయన చూపించిన చోట సంతకం కూడా పెట్టాను. కేంద్రం ఆవిష్కర్తగా ఉన్నన్నాళ్ళూ వేడెక్కు సామానేదీ వేరుగా తయారుచేయనని దాని సారాంశం.

ఇంటికెళితే సరోజన అన్నం వడ్డిస్తూ అడిగింది. "ఏమన్నరు పెద్దసార్లు?"

"పొయ్యి కాలొద్దంట."

"ఎవరికి కాలొద్దంట?"

"పొయ్యే కాలొద్దంట."

గరిటె గాలిలో ఆపింది. "నువ్వేమన్నవ్?"

"ఆలోచిస్తనన్న."

"ఆలోచించు. ఏడో తరగతిల మిగిలిపోయింది గద, గిప్పుడు వాడు."

ఆలోచించాను. పీపాకు మీద ఇంకో పీపా తొడిగి, మధ్యలో బూడిద కూరాను. పైన చెయ్యి వేస్తే నీళ్ళకుండ మీద వేసినట్టు చల్లగా ఉంది. హిమజ మేడం చుట్టూ తిరిగి అన్ని పక్కలా గురిపెట్టి తృప్తిగా తల ఊపింది. ఆ తర్వాత మూత తీయించి, తుపాకీ మూతి లోపలికి పెట్టింది. అంతే, మళ్ళీ మొదటికి వచ్చాం.

దానితో నిప్పునే దూరం జరిపాను. మంట షెడ్డు వెనక, పీపా షెడ్డు ముందు, రెంటికీ మధ్య పాత బోరు పైపులు. ఆ పైపుల్లోంచి వెచ్చటి గాలి వచ్చి గింజల్ని పలకరించి పోతుంది. గింజలు వేగలేదుగాని మా సరోజన కోడిపెట్ట ఒకటి వచ్చి పీపా కింద పొదగడానికి కూర్చుంది. లేపితే పొడిచింది. నా యంత్రం మీద అంత నమ్మకం పెట్టుకున్న ప్రాణి అదొక్కటే.

హిమజ మేడం గురిపెట్టి పెదవి విరిచింది. "ఇప్పటికీ జ్వరం ఉన్నట్టుంది."

"జ్వరం దాకా దిగిందంటే ఎంత పురోగతి!" అన్నారు నళినీకాంత్ గారు. "ఇంకా కొద్దిగా దూరం జరపండి."

జరిపాను. పైపులు చాలక ఎవరిదో గేటు కోసం ఉంచినవి కూడా అతికాను. గేటువాడు వచ్చి తిట్టిపోయాడు. తిట్టనీ, మేధ గురించి వాడికేం తెలుసు అనుకున్నాను.

ముసురు పట్టింది.

ఆ ముసురులో సమ్మక్క తలమీద గోనెసంచి కప్పుకుని వచ్చింది. కొంగులోంచి గుప్పెడు పలుకులు తీసి నా ముక్కు దగ్గర పెట్టింది. "సూడు."

చెమ్మ వాసన. పలుకుల మీద సన్నగా తెల్లటి నూగు.

"కుప్పల పైవి పోయినయి," అంది. "అడుగుయి ఇంక బాగనే ఉన్నయి. ఇండ్లల్ల చట్టీలు పెట్టి గుప్పెడు గుప్పెడు ఏపుతున్నం, ఎన్నని ఏపుతం? అన్నా, నీ దగ్గర మందం రేకు ఉన్నది గద. గిట్ల గుండ్రంగ ఒంచి ఇయ్యి, సాలు. యంత్రం గింత్రం మాకొద్దు."

"ఇయ్యలేను సమ్మక్కా. కాలే సామాను చెయ్యనని సంతకం పెట్టిన."

"ఎందుకు పెట్టినవ్?"

"ఆవిష్కర్తలు పెట్టాలంట."

ఆమె నన్ను కిందినుంచి పైదాకా చూసింది. పలుకులు మళ్ళీ కొంగులో కట్టుకుంది. "మాదే తప్పులే. ఇన్నేండ్ల నుంచి నిన్ను అన్నా అన్నా అనుకుంట వస్తిమి. ఒక్కనాడన్న గారూ అంటే మా మాట గూడ ఇనేటోనివి."

వానలోకి వెళ్ళిపోయింది.

మర్నాడు కేంద్రం వాళ్ళు వచ్చే వేళకు వాన జోరుగా కొడుతోంది. షెడ్డు వెనక పొయ్యిలోకి నీళ్ళు పోయి కట్టెలు నాని నల్లగా తేలుతున్నాయి. పైపుల్లోంచి చల్లటి గాలి వస్తోంది. పెట్ట కూడా గుడ్లు వదిలేసి వంటింట్లోకి మకాం మార్చింది. నేను ఏదో ఒక సాకు వెతుక్కుంటుండగానే హిమజ మేడం గురిపెట్టేసింది. పైన, కింద, లోపల, బయట. తర్వాత అంకెను ఒకసారి తుడిచి మళ్ళీ చూసింది.

"అన్ని భాగాలూ నిబంధనకు లోబడి ఉన్నాయి."

నళినీకాంత్ గారు నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి అడిగారు. "కనకాచారి గారూ, ఏం మార్పు చేశారు?"

వానకు పొయ్యి ఆరిపోయిందని చెప్పడానికి ఒక్క క్షణం చాలు. ఆ క్షణం నాకు దొరికింది కూడా. కాని ఆయన "గారూ" అన్నారు, పక్కన ఫోటో తీసేవాడు నిలబడి ఉన్నాడు. నేను గడ్డం నిమురుకున్నాను.

"నిప్పు తీసేశానండి."

"నిప్పు తీసేశారు," అని ఆయన తనలో తను అనుకున్నారు. తర్వాత గట్టిగా అన్నారు. "హిమజ గారూ, రాసుకోండి. ఇన్ని వేల ఏళ్ళుగా మానవజాతి వేపుడులో నిప్పును తప్పనిసరి అంశంగా భావిస్తూ వచ్చింది. ఆ మూఢనమ్మకాన్ని ఒక మారుమూల పల్లె ఇవాళ బద్దలు కొట్టింది. పొగ లేదు. కట్టె ఖర్చు కాదు. చెట్టు పడదు. చెయ్యి కాలదు."

"గింజ..." అని నేను నసిగాను.

"గింజకేమైంది?"

"గింజ వేగదు సార్."

ఆయన హిమజ మేడం వైపు చూశారు. ఆమె కాగితాలు తిప్పింది. "భద్రతా నిబంధనల్లో గింజ ప్రస్తావన లేదు సార్. 'వేగిన గింజ' అన్న పదానికి నిర్వచనం కూడా ఎక్కడా ఇవ్వలేదు."

"అయితే మనమే ఇద్దాం," అన్నారాయన.

అక్కడికక్కడే ఇచ్చారు. యంత్రం గుండా ఒకసారి ప్రయాణించిన గింజను వేగిన గింజగా పరిగణించవలెను.

గూడెంలో ప్రారంభోత్సవం జరిగింది. ఒక షామియానా, రెండు దండలు, ఒక మైకు. సమ్మక్క చేత పిడి తిప్పించారు. ఒక పక్క పోసిన పలుకులు ఇంకో పక్క గలగలా రాలాయి. అందరూ చప్పట్లు కొట్టారు. సమ్మక్క ఒక పలుకు కొరికి ఊసింది.

"పచ్చిగనే ఉన్నయి."

"పచ్చి అనేది మీ వ్యక్తిగత అభిప్రాయం," అంది హిమజ మేడం. "పరిగణన ప్రకారం ఇవి వేగాయి."

"మీ పరిగణన గానుగకు ఎరికేనా తల్లీ?"

నళినీకాంత్ గారు మైకు అందుకున్నారు. "గానుగ ఇంకా పాత ఆలోచనా విధానంలోనే ఉంది. తదుపరి దశలో దానిని కూడా చైతన్యపరుస్తాం."

ఆడవాళ్ళు నవ్వారు. అది మెచ్చుకోలు నవ్వని నేను సరిపెట్టుకున్నాను. గానుగ మాత్రం ఆ సాయంత్రం చైతన్యం కాలేదు. పచ్చి పలుకులను పిండి పిండిగా నలిపి, నూనెకు బదులు నాలుగు చుక్కల చెమట కార్చింది, అదీ తిప్పినవాళ్ళది.

తర్వాత నాకు అవార్డు ఇచ్చారు. జిల్లా కేంద్రంలో ఏసీ హాలు. వేదిక మీద గుండ్రంగా, వెడల్పుగా, లోతుగా, బంగారు రంగులో మెరిసే జ్ఞాపికను ఇద్దరు మనుషులు మోసుకొచ్చి నా చేతుల్లో పెట్టారు, నా మోకాళ్ళు వంగాయి. లోపలి వైపు అక్షరాలు చెక్కి ఉన్నాయి: "శీతల వేపుడు పితామహ శ్రీ కనకాచారి గారికి". నేను ముందు "గారికి" చదివాను, తర్వాత మిగతావి.

"మసి నుంచి పసిడికి, ఇదే మా ప్రస్థానం," అన్నారు నళినీకాంత్ గారు మైకులో. నా గురించే అనుకుని చప్పట్లు కొట్టాను. ఎవరి సభలో వాళ్ళే చప్పట్లు కొట్టకూడదని నాకు తెలియదు.

దాన్ని ఆటోలో తెచ్చి, షెడ్డులో గోడకు మేకులు దిగేసి తగిలించాను. సరోజన నడుం మీద చెయ్యి పెట్టుకుని చూసింది.

"ఏం చేసుకోను ఇది? బియ్యం కడగనా?"

"చూసుకోవడానికే."

"అట్లయితే నువ్వే చూసుకో."

చూసుకున్నాను. పొద్దున లేవగానే గుడ్డ పెట్టి తుడిచేవాణ్ణి, అక్షరం అక్షరం. ముందు వైపు.

ముసురు ఒక పూట తెరిపి ఇచ్చినప్పుడు సమ్మక్క, ఇద్దరు ఆడవాళ్ళు ట్రాలీ ఆటోలో వచ్చారు. నా యంత్రాన్ని షెడ్డు ముందు దింపారు.

"నీ పీపా నువ్వే పెట్టుకో. మాకు గూడెంల జాగ లేదు. ఉన్న కాడికి పలుకులు సేటుకు పచ్చియే పోసి వస్తం, ఎంతిస్తే గంత. ఈ ఏడు నూనె లేదనుకుంటం."

నేను గోడ వైపు చూడకుండా ఉండాలని చాలా ప్రయత్నించాను. నా కళ్ళు అటే పోయాయి. ఆమె కళ్ళు నా కళ్ళ వెంబడి పోయాయి.

సమ్మక్క గోడ దగ్గరికి వెళ్ళి దాన్ని వేలితో తట్టింది. ఖంగుమంది. అంచు పట్టి కొద్దిగా పైకెత్తి వెనక వైపు తొంగి చూసింది.

"అన్నా, ఇటు రా. ఈ అతుకు ఎవరిది?"

వెళ్ళాను. బంగారు రంగు కింద, అడుగున, తాగినవాడు నడిచినట్టు ఒక గీత. ఈ భూమ్మీద ఇంత వంకరగా అతికే మనిషి ఒక్కడే.

"నాదే," అన్నాను.

"మంగలం ఎవరిది?"

"మీదే."

"అది అవార్డు కదా సమ్మక్కా" అని కూడా నోటిదాకా వచ్చింది. మా సరోజన అప్పటికే రెండో పక్క చేతులు వేసింది. "మేకులు పీకు. నిలబడ్డవేంది పెండ్లికొడుకు లెక్క?"

పీకాను. పీకేటప్పుడు వేలు నలిగింది. అదే ట్రాలీలో మంగలాన్నీ, యంత్రాన్నీ, నన్నూ ఎక్కించుకుని గూడెం పోయారు. యంత్రం ఎందుకని అడిగితే, "సార్లొస్తే సూపెట్టనీకి," అంది సమ్మక్క. దాన్ని సంఘం షెడ్డు ముందర నిలబెట్టాం. షెడ్డు వెనక, రేకుల చూరు కింద మూడు రాళ్ళు పేర్చి మంగలం ఎక్కించి పెద్ద మంట వేశాం. బంగారు రంగు బుడగలు బుడగలుగా లేచి, కంపు కొట్టి, మాడి రాలిపోయింది. దించి ఇసుకతో, ఇటుక పొడితో లోపలా బయటా తోమి తోమి కడిగారు. కిందినుంచి పాత నలుపు బయటపడింది.

ఆడవాళ్ళు బూజు పట్టినవి పక్కకు తీసి పారబోశారు. సగం పైనే పోయాయి. ఆ కుప్ప చూడకుండా నేను కట్టెలు ఎగదోస్తూ కూర్చున్నాను. మిగిలినవి మంగలంలో పడి చిటపటలాడాయి. కాసేపటికి వాసన లేచింది. ఎన్నాళ్ళైందో ఆ వాసన తగిలి! సమ్మక్క గరిటెతో కలబెడుతూ విసుక్కుంది.

"ఎవరు గీకిన్రే ఈ గీతలు? గింజ ఇరుక్కపోతంది. ఇగో, ఈడ మొత్తం మాడినయి."

తొంగి చూశాను. "పితామహ"లో మాడాయి. "గారికి"లో ఇంకా పచ్చిగా ఉన్నాయి.

"నా పేరు సమ్మక్కా."

"శాన పొడుగు పేరే పెట్టిన్రు," అని గరిటె మొనతో గీకి గింజలు ఊడదీసింది. నేను కూడా ఒక ఊచ తీసుకుని నా పేరును గీకడానికి కూర్చున్నాను.

గానుగలో ఆ పలుకులు పోస్తే నూనె దిగింది. మునుపటంత లేదు. అయినా దిగింది.

రెండో విడత వేగుతుండగా కింద దారిలో జీపు చప్పుడైంది. నేను ఊచ కింద పడేశాను. సమ్మక్క మాత్రం గరిటె ఒకామె చేతికిచ్చి, కొంగు దులుపుకుని, ముందుకెళ్ళి నా పీపా పిడి తిప్పడం మొదలుపెట్టింది. నళినీకాంత్ గారు దిగి ముక్కుపుటాలు విప్పార్చారు.

"ఆహా! ఈ సువాసన చూశారా హిమజ గారూ! నిప్పు లేకుండానే ఇంత సువాసన!"

ఆడవాళ్ళు డబ్బాలో నూనె చూపించారు. ఆయన వేలు ముంచి చూసుకున్నారు. "గానుగ మారింది. నేను చెప్పలేదూ?"

హిమజ మేడం పీపాకు గురిపెట్టింది. చల్లగా ఉంది. తర్వాత చూరు మీదుగా లేస్తున్న పొగ చూసింది.

"వెనక ఆ పొగేమిటి?"

"బువ్వ ఒండుకుంటున్నం తల్లీ," అంది సమ్మక్క పిడి ఆపకుండా.

"అది మా కేంద్రం ఇచ్చిన యంత్రమా?"

"కాదు తల్లీ. మాదే, మా ఇంటి గిన్నె."

"అయితే నా పరిధిలోకి రాదు," అని ఆమె తుపాకీ సంచిలో పెట్టేసింది. పెడుతూ నా మసి చేతుల వైపు ఒకసారి చూసింది. ఆవిడకూ ముక్కు ఉందని నాకు అప్పుడే తెలిసింది.

నళినీకాంత్ గారికి మాత్రం ఆనందం ఆగడం లేదు. "ఇక విస్తరణ దశ! ఈ అడవిలో ఇప్పనూనె తీసే ప్రతి సంఘానికీ శీతల యంత్రం ఇస్తాం. అన్ని పాత మంగలాలనూ స్వాధీనం చేసుకుంటాం. యంత్రాలన్నీ మీరే చేయాలి, కనకాచారి గారూ!"

పిడి ఆగింది. సమ్మక్క నా వైపు చూసింది. ఏమీ అనలేదు, "గారూ" అని కూడా అనలేదు.

వేగదని ఆయనకు ఒకసారి చెప్పి చూశాను, దానికి నిర్వచనం రాశారు. ఇంకోసారి చెబితే నిబంధన రాస్తారు. నేను చేయనంటే నాలాంటి మేధావి ఇంకొకడు ఎక్కడైనా దొరుకుతాడు. వాడు సమ్మక్క మాట వింటాడన్న నమ్మకం ఏముంది? నేనే వినలేదు.

"ఒక మనవి సార్," అన్నాను.

"చెప్పండి, చెప్పండి."

"ప్రతి సంఘానికీ యంత్రంతోపాటు ఒక అవార్డు కూడా ఇవ్వాలి సార్. నాకిచ్చినటువంటిదే. అదే సైజు. మంగలం తీసుకున్న రోజునే ఇవ్వాలి, ఆలస్యం కాకూడదు."

ఆయన ఆశ్చర్యంగా చూశారు. "గుర్తింపు! మహిళలకు అక్కడికక్కడే గుర్తింపు! ఈ కోణం మాకు తట్టనే లేదు. స్వాధీనం చేసుకున్న మంగలాలు గోదాములో ఎలాగూ పడి ఉంటాయి, వాటినే మెరుగు పెట్టించి..."

"మెరుగు కూడా వద్దు సార్. ఉన్నది ఉన్నట్టుగా ఉంటే సంప్రదాయం ఉట్టిపడుతుంది."

"సంప్రదాయం ఉట్టిపడాలి, రాసుకోండి హిమజ గారూ. మరి లోపల అక్షరాలు? పితామహులు కదా, అన్నిటి మీదా మీ పేరే చెక్కిస్తాం. పెద్ద అక్షరాల్లో."

అడవిలో ఉన్న గూడేలన్నిటా నా పేరు. చివర "గారు". ఒక్క క్షణం, నిజం చెబుతున్నాను, ఆ అక్షరాలన్నీ లోలోపల చదువుకున్నాను. వెనక నుంచి గరిటె చప్పుడు వినిపించింది, ఇరుక్కున్న గింజను గీకుతున్న చప్పుడు.

"పేరు వద్దు సార్," అన్నాను. "నున్నగా వదిలేయండి."

నళినీకాంత్ గారు నా రెండు చేతులూ పట్టుకున్నారు. ఇంత వినయం ఏ ఆవిష్కర్తలోనూ చూడలేదన్నట్టు తల ఊపుతుంటే ఆయన కళ్ళు చెమర్చాయి, నీళ్ళు జలజలా కారాయి.

షెడ్డు వెనక నుంచి గాలి మా వైపు తిరిగింది.